గేటు దగ్గరి లెక్క, సెల్లార్‌లోని లెక్క: ఒక సూపర్‌మార్కెట్ కేస్ స్టడీ

దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లో మూడంతస్తుల సూపర్‌మార్కెట్ ఒకటుంది. కింద కిరాణా, కూరగాయలు. మొదటి అంతస్తులో గిన్నెలు, ప్లాస్టిక్ సామాన్లు. పైన బట్టలు. సెల్లార్‌లో గోడౌన్. యజమానికి నగరంలో ఇంకా బ్రాంచీలున్నాయి. దుకాణం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

నా పని స్టాక్ ఆడిట్. కంప్యూటర్ ఉందని చెప్పే సరుకుకూ, అరల్లో నిజంగా ఉన్న సరుకుకూ తేడా వస్తే అది ఎక్కడ పుట్టిందో వెతకాలి. ఈ తేడాను దుకాణాల వాళ్లు షార్టేజ్ అంటారు. నన్ను పిలిచేవాళ్లలో ఎక్కువమంది మనసులో ముందే ఒక జవాబు ఉంటుంది: కస్టమర్లు ఎత్తుకుపోతున్నారు, ఎలా పట్టుకోవాలో చెప్పండి. ఈ యజమాని కూడా అదే అన్నాడు. కాకపోతే ఆయన చేతిలో షార్టేజ్ రిపోర్టుతో పాటు ఒక కస్టమర్ రాసిన ఉత్తరం కూడా ఉంది.

ఫిర్యాదు

ఉత్తరం రాసినావిడ సరూర్‌నగర్‌లో టైలరింగ్ షాపు నడుపుతారు. ఏళ్ల తరబడి నెల సరుకులు ఇక్కడే కొంటున్నారు. ఆ నెల నాలుగు సబ్బుల ప్యాక్‌కు ఒక సబ్బు ఉచితం. ఉచిత సబ్బును ప్యాక్‌కు టేప్‌తో అంటించి ఉంచారు. సరుకు సంచిలో సర్దే కుర్రాడు, పట్టడం లేదని ఆ టేప్ పీకేశాడు. బిల్లులో ప్యాక్‌కు ఒక్కటే లైను పడింది. గేటు దగ్గర గార్డుకు విడిగా ఉన్న సబ్బు కనిపించింది. అది బిల్లులో లేదు.

"ఏక్ మినట్, ఆంటీ" అని ఆపాడు. ఆఫర్ అని ఆవిడ తెలుగులో చెప్పారు. అతనికి తెలుగు అంతంతమాత్రం. సంచి మొత్తం టేబుల్ మీద ఖాళీ చేయించాడు. ఫ్లోర్ మేనేజర్ పైనెక్కడో ఉన్నాడు. అతను దిగి వచ్చేవరకు ఆవిడ అక్కడే నిలబడ్డారు, వెనక లైను పెరిగింది. మేనేజర్ వచ్చి చూడగానే విషయం అర్థమైంది. "సారీ మేడమ్, మీరు వెళ్లొచ్చు" అన్నాడు. గార్డు బిల్లుకు పంచ్ కొట్టి ఇచ్చాడు.

ఉత్తరంలో రెండు వాక్యాలు నాకు గుర్తుండిపోయాయి. "సబ్బు సంగతి మీరే తేల్చుకోండి. నేను కొన్న లోపలి బట్టలను అంతమంది ముందు టేబుల్ మీద పరిచినందుకు ఏం జవాబు చెప్తారో చెప్పండి." దుకాణం గిఫ్ట్ వోచర్ పంపింది. ఆవిడ తిప్పి పంపేశారు. యజమాని స్వయంగా వచ్చి, తనను నిలబెట్టిన చోటే నిలబడి సారీ చెప్పాలని కోరారు. లేదంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానన్నారు.

యజమానికి ఇది మొండితనంలా కనిపించింది. "సార్, ఒక సబ్బు కోసం ఇంత లొల్లా? అసలు దొంగలే లేరంటరా మీరు?" అన్నాడు. దొంగలు లేరని నేననలేదు. ఫిర్యాదు రోజు ఫుటేజీ, అప్పటి షార్టేజ్ రిపోర్టు రెండూ ఇమ్మన్నాను.

గేటు దగ్గర నిజంగా ఏం చూస్తారు

జీతాలు పడిన మొదటి వారంలో సాయంత్రాలు గేటు పక్కన నిలబడి గమనించాను. బిల్లు చివర "ఐటమ్స్ 14, క్వాంటిటీ 19.735" లాంటి అంకెలు ఉంటాయి. ముప్పావు కిలో టమాటా 0.750, నూనె ప్యాకెట్లు మూడైతే 3. సాఫ్ట్‌వేర్ కిలోలనూ, పీసులనూ కలిపి కూడేస్తుంది. ఆ మొత్తంతో సంచిలో ఉన్నవి సరిపోయాయో లేదో ఏ గార్డూ చెప్పలేడు, నేనూ చెప్పలేను. కాబట్టి చెకింగ్ అని మనం అనుకునేది చాలావరకు పంచ్ కొట్టడమే. కొందరి దగ్గర మాత్రం అది సంచి తెరిపించడం దాకా వెళ్తుంది.

ఆ కొందరు ఎవరన్నదే అసలు ప్రశ్న. చేతిలో కారు తాళం ఉన్నవాళ్ల బిల్లుకు గార్డు తలెత్తకుండానే పంచ్ కొట్టేవాడు. బుర్ఖా వేసుకున్నవాళ్లను, పని బట్టల్లోనే వచ్చిన మేస్త్రీలను, పెద్ద గుడ్డ సంచితో బస్సు దిగి వచ్చినవాళ్లను, గుంపుగా వచ్చిన కాలేజీ పిల్లలను ఆపేవాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరిని ఆపాలో చెప్పకుండా "చూసుకో" అని వదిలేస్తే మనిషి ఎవరైనా ముఖాలు చూసే నిర్ణయిస్తాడు. ఆపితే గొడవ పడరు అనుకున్నవాళ్లనే ఆపుతాడు. ఫిర్యాదు చేసిన ఆవిడ చేతిలో గుడ్డ సంచి ఉంది. దుకాణంలో అమ్మే క్యారీ బ్యాగ్ కొననందుకు ఆమెకు దక్కింది ఇది.

ఇక్కడ ఒక పక్క విషయం. హైదరాబాద్‌లో సంచి చూపించమంటే జనం పెద్దగా అభ్యంతరం చెప్పకపోవడానికి ఒక చరిత్ర ఉంది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరి 21న ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. మాల్స్ ముందు మెటల్ డిటెక్టర్లు, లోపలికి వెళ్లేటప్పుడు బ్యాగు తెరిచి చూపించడం మామూలైపోయాయి. 2013లోనే జనం గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఆ చెకింగ్ మన ప్రాణాల కోసం. బయటికి వెళ్లేటప్పుడు జరిగేది దుకాణం సరుకు కోసం. రెండు చోట్లా ఒకే యూనిఫాం, ఒకే "బ్యాగ్ దిఖావో" కాబట్టి జనానికి తేడా తెలియడం లేదు. దుకాణాలకు అదే సౌకర్యంగా ఉంది.

బిల్లు పంచ్ ఎవరి కోసం

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలిసి, కస్టమర్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గేటు దగ్గర బిల్లు చూసేది ప్రధానంగా క్యాషియర్ల కోసం. తెలిసినవాడు కౌంటర్‌కు వస్తే క్యాషియర్ పది వస్తువుల్లో ఏడింటికే స్కాన్ కొట్టి పంపగలడు. ఇంకో పద్ధతిలో, కస్టమర్ డబ్బు కట్టి బిల్లు తీసుకోకుండా వెళ్తే ఆ బిల్లును క్యాన్సిల్ చేసి నగదు జేబులో వేసుకోవచ్చు. ప్రతి సంచితో పాటు బిల్లు కూడా గేటు దాకా రావాల్సిందే అంటే ఈ రెండో పని కష్టమవుతుంది. పంచ్ కొడితే అదే బిల్లు చూపించి మరో సంచి బయటికి తీసుకెళ్లడం కుదరదు. అనుమానం దుకాణానికి తన సొంత మనుషుల మీద. అవమానం మాత్రం డబ్బు కట్టినవాళ్లకు. అక్కడ నిలబడే గార్డుకు కూడా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కస్టమర్ దొంగేమో చూడాలనే అతనూ అనుకుంటున్నాడు.

స్వయంగా తీసుకునే పద్ధతితోనే ఈ చిక్కు మొదలైంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, కస్టమర్లే అరల్లోంచి సరుకు తీసుకునేలా చేశాడు. తిరుగుడు గేట్లు కూడా ఆ మొదటి దుకాణంలోనే వచ్చాయి. సరుకు అందించే గుమాస్తాల జీతం యజమానికి మిగిలింది. ఆ పనిని జీతం లేకుండా చేస్తున్న కస్టమర్ మీదే కాపలా మొదలైంది. బేగంబజార్‌లో ఇప్పటికీ సేఠ్ కౌంటర్ వెనకే ఉంటాడు, సరుకు అతను ఇస్తేనే మన చేతికి వస్తుంది. అక్కడ గేటు చెకింగ్ ఉండదు. అలాగని ఆ సేఠ్ అందరినీ నమ్ముతాడని కాదు. 500 నోటు ఇస్తే లైటుకు ఎత్తి మరీ చూస్తాడు.

సరుకు ఎక్కడ పోతోంది

షార్టేజ్ రిపోర్టును యజమాని మొత్తంగా చూసి కంగారు పడేవాడు. నేను వస్తువుల వారీగా విడదీశాను. పెద్ద మొత్తాలు కందిపప్పు, బియ్యం, పాలు, పెరుగు, కూరగాయల దగ్గర ఉన్నాయి. పాతిక కిలోల బియ్యం బస్తాను చీర కొంగులో దాచుకుని ఎవరూ బయటికి పోలేరు. యజమానికి ఈ ఒక్క మాట చెప్పాక ఆయన గొంతు తగ్గింది.

సెల్లార్‌లోకి దిగితే జవాబులు ఒక్కొక్కటే దొరికాయి. పప్పు బస్తాలు పొద్దున్నే ఆటో ట్రాలీలో వస్తాయి. హమాలీలు దింపుతారు. గోడౌన్ కుర్రాడు బస్తాలు లెక్కపెట్టి సంతకం చేస్తాడు. తూకం వేయడు. తూకం మిషన్ ఉంది, దాని మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు. కొన్ని బస్తాలు మిషన్ ఎక్కించి చూస్తే ఒకే సరఫరాదారు బస్తాలు వరసగా తక్కువ తూగాయి. కంప్యూటర్‌లో మాత్రం నిండు తూకం ఎక్కుతోంది. ఆ పప్పును కిలో, అరకిలో ప్యాకెట్లుగా కట్టేటప్పుడు పోయే దుమ్ము, ఒలికిపోయేది కూడా లెక్కలో లేదు. రెండూ కలిసి నెలాఖరుకు "దొంగతనం" అయ్యాయి.

పాలు, పెరుగు కథ ఇంకో రకం. గడువు తీరిన ప్యాకెట్లను డిస్ట్రిబ్యూటర్ మనిషి వెనక్కి తీసుకెళ్తాడు. దానికి క్రెడిట్ నోట్, అంటే ఆ డబ్బు దుకాణం ఖాతాలో తగ్గించినట్టు కాగితం, రావాలి. చాలాసార్లు కాగితమే రాలేదు, ఎవరూ అడగలేదు. వాడిపోయిన కూరగాయలు రాత్రి చెత్తలోకి పోతాయి, వేస్టేజ్ ఎంట్రీ కొట్టేవాడు లేడు. బిస్కెట్ల దగ్గర కౌంటర్ అలవాటు ఒకటి బయటపడింది. అయిదు రకాల బిస్కెట్ ప్యాకెట్లు ఒకే ధరకు ఉంటే క్యాషియర్ ఒకదాన్నే స్కాన్ చేసి సంఖ్య 5 కొడుతుంది. లైను పొడుగ్గా ఉన్నప్పుడు అది సహజం. దానివల్ల ఒక రకం స్టాకు మైనస్‌లోకి పోతుంది, మిగతా నాలుగు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎమ్మార్పీ మారిన కొత్త సరుకును పాత కోడ్‌తో అమ్మినా ఇదే తంతు.

క్యాషియర్ల క్యాన్సిల్ రిపోర్టు ఎవరూ ఎప్పుడూ ప్రింటు తీయలేదు. తీయించాను. కస్టమర్ వెళ్లాక రద్దయిన లైన్లు ఒకే కౌంటర్‌లో, ఒకే షిఫ్ట్‌లో గుంపుగా కనిపించాయి. దాని వివరాల్లోకి ఇక్కడ వెళ్లను.

మరి అసలు దొంగతనం? ఉంది. రేజర్ బ్లేడ్ల ప్యాకెట్లు, డియోడరెంట్లు, జీడిపప్పు, చిన్నపిల్లల పాలపొడి, ఖరీదైన చాక్లెట్లు. అరల వెనక ఖాళీ అట్టలు దొరికాయి. ఇవి సంచిలో పెట్టుకుని గేటుకు వచ్చే రకం దొంగతనాలు కావు. వస్తువు జేబులో ఉంటుంది, బిల్లు చేతిలో ఉంటుంది, గార్డు ఆ బిల్లుకే పంచ్ కొడతాడు. సంచి ఖాళీ చేయించినందువల్ల దొరికిన దొంగ ఒక్కడైనా ఉన్నాడా అని మేనేజర్‌ను అడిగాను. గుర్తు లేదన్నాడు.

అమెరికాలో రిటైల్ వ్యాపారుల జాతీయ సంఘం 2023లో ప్రచురించిన సర్వేలో కూడా బయటివాళ్ల దొంగతనం వాటా 36 శాతమే. సిబ్బంది దొంగతనం 29, లెక్కల్లో, పద్ధతుల్లో లోపాలు 27. మొత్తం తేడా సగటున అమ్మకాల్లో 1.6 శాతం. అక్కడి లెక్క మన దిల్‌సుఖ్‌నగర్‌కు అతకదు. కానీ కెమెరాలకు అంత ఖర్చు పెట్టే దేశంలోనే సగానికి పైగా నష్టం కస్టమర్ వల్ల కాదని తేలింది. ఈ దుకాణంలో కెమెరాలన్నీ అరల వైపు చూస్తున్నాయి. సరుకు దిగే వెనక గేటు దగ్గర ఉన్న ఒక్క కెమెరాకు అట్టపెట్టెలు అడ్డం.

పైన బట్టల అంతస్తు గురించి క్లుప్తంగా. అక్కడ తలుపు దగ్గర అలారం స్తంభాలు ఉన్నాయి, 8.2 మెగాహెర్ట్జ్ రేడియో రకం. బట్టకున్న కాగితం ట్యాగ్‌ను కౌంటర్ మీది ప్యాడ్ సరిగ్గా చంపకపోయినా, అంటే పనిచేయకుండా చేయకపోయినా, వేరే దుకాణంలో కొన్న బట్టలోని ట్యాగ్ బతికున్నా అలారం మోగుతుంది. చచ్చిన ట్యాగులు తర్వాత మళ్లీ పనిచేయడం కూడా ఈ రంగంలో తెలిసిందే. ఇది తెలియనివాళ్లకు అలారం అంటే దొంగ.

గార్డు

యజమాని మొదట చెప్పిన పరిష్కారం గార్డును మార్చడం. నేను అతనితో మాట్లాడేసరికే ఏజెన్సీ అతన్ని ఒక ఏటీఎంకు మార్చేసింది. అక్కడికి వెళ్లి కలిశాను. ఒడిశా నుంచి వచ్చిన అబ్బాయి. మొదటి రోజు యూనిఫాం, ఈల ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారన్నాడు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది, దాని కింద కేంద్రం ఇచ్చిన మాదిరి నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల ఫీల్డ్ శిక్షణ ఉండాలి. ఏజెన్సీ ఫైల్లో అతని శిక్షణ సర్టిఫికెట్ ఉంది. ఆ శిక్షణ ఎక్కడ జరిగిందో అతనికి తెలియదు.

అసలు సంగతి ఒప్పందంలో దొరికింది. షార్టేజ్ ఒక పరిమితి దాటితే ఏజెన్సీ బిల్లులో కోత. ఏజెన్సీ ఆ కోతను గార్డుల జీతాల మీదికి తోసేస్తుంది. అంటే సెల్లార్‌లో తక్కువ తూగిన పప్పు డబ్బు గేటు దగ్గరి కుర్రాడి జీతంలోంచి పోతోంది. జీతంలోంచి నష్టం కోయాలంటే ఆ సరుకు అతనికి అప్పగించి ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, అతను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వేతన చట్టం చెప్పేది ఇది. ఇక్కడ మూడూ లేవు. ఇంకోటి. రోజూ డ్యూటీ దిగేటప్పుడు గార్డులను, సేల్స్ అమ్మాయిలను వెనక గేటు దగ్గర తడిమి చూసి పంపుతారు. పగలంతా తననే అనుమానించే చోట నిలబడ్డ మనిషి మనల్ని మర్యాదగా చూడాలని అడుగుతున్నాం.

యజమానికి చట్టం గురించి చెప్పింది

నేను లాయర్‌ను కాను, ఆయన లాయర్‌ను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాం. గార్డు బిల్లు అడగవచ్చు. సంచి చూపమని కోరవచ్చు. కస్టమర్ ఒప్పుకోకపోతే బలవంతంగా తెరిచే అధికారం అతనికి లేదు. మామూలు పౌరుడు ఎవరినైనా పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ అంటుంది గానీ, నేరం అతని కళ్ల ముందు జరగాలి. అదీ బెయిలు లేని, పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమై ఉండాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. బిల్లులో ఒక లైను లేకపోవడం కళ్ల ముందు జరిగిన దొంగతనం కాదు. వెళ్లనివ్వకుండా అడ్డుకుంటే భారతీయ న్యాయ సంహిత 126, ఒకచోట నిర్బంధిస్తే 127 సెక్షన్లు దుకాణం మీదికే వస్తాయి. చిన్న దొంగతనం రుజువైనా సరే, విలువ 5,000 రూపాయల లోపై, మొదటిసారి శిక్ష పడినవాడు సరుకు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టే ఏర్పాటు అదే సంహిత 303వ సెక్షన్‌లో ఉంది.

బ్యాగ్ కౌంటర్ మీద "విలువైన వస్తువులకు మా బాధ్యత లేదు" అనే బోర్డు ఉంది. సంచిని తమ దగ్గర పెట్టమన్నది దుకాణమే. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొత్తును చూసుకునేంత జాగ్రత్త తీసుకోవాలి. బోర్డు పెట్టేసి చేతులు దులుపుకోవడం అంత తేలిక కాదని లాయరే చెప్పాడు. సొంత సంచి బయట పెట్టించి, లోపల క్యారీ బ్యాగ్ అమ్మే పద్ధతి గురించి కూడా మాట వచ్చింది. క్యారీ బ్యాగులకు డబ్బు పడుతుందని ముందుగా చెప్పకుండా కౌంటర్‌లో వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెప్పింది. ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు అనొద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపారులకు సూచించింది. ఈ దుకాణంలో రెండూ జరుగుతున్నాయి.

ఏం మారింది

గేటు దగ్గరి టేబుల్ తీసేశారు. ఎవరి సంచి చూడాలో గార్డు నిర్ణయించడు. కంప్యూటరే ఏ వరసా లేకుండా కొన్ని బిల్లుల మీద ఒక గుర్తు ముద్రిస్తుంది, ఆ గుర్తున్న బిల్లు ఎవరి చేతిలో ఉన్నా ఒకటే చెకింగ్. కారు తాళం ఉన్నవాళ్లు మొదటి వారం బాగా నొచ్చుకున్నారు. యజమానికి అప్పుడు టెన్షన్ పట్టుకుంది, పెద్ద కస్టమర్లు పోతారేమోనని. తేడా వస్తే కస్టమర్‌ను హెల్ప్ డెస్క్ దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు, కౌంటర్ నుంచి సూపర్‌వైజర్ వచ్చి బిల్లు సరిచూస్తాడు. ఆఫర్ వస్తువులు సున్నా ధరతో బిల్లులో లైనుగా పడతాయి. సాఫ్ట్‌వేర్ పీసులు, కిలోలు వేర్వేరుగా కూడుతుంది. హ్యాండ్‌బ్యాగులు లోపలికి తెచ్చుకోవచ్చు. తూకం మిషన్ మీది అట్టపెట్టెలు దించారు, బస్తా మిషన్ ఎక్కకుండా ఎంట్రీ పడదు.

తర్వాతి స్టాక్ లెక్కింపులో పప్పు, బియ్యం, పాల తేడా బాగా తగ్గింది. బ్లేడ్లు, డియోడరెంట్ల తేడా అలాగే ఉంది. వాటిని క్యాష్ కౌంటర్ వెనక అరలోకి మార్చమన్నాను, మార్చారు.

యజమాని ఒక ఆదివారం గేటు దగ్గరే నిలబడి ఆవిడకు సారీ చెప్పాడు. ఆవిడ విని, గార్డు ఉద్యోగం పోయిందా అని అడిగారు. పోలేదని, వేరే చోటికి మార్చారని యజమాని చెప్పాడు. ఆవిడ కమిషన్‌కు వెళ్లలేదు. సరుకులు మాత్రం ఇప్పుడు ఇంటి దగ్గరి కిరాణాలో కొంటున్నారట.

సిబ్బందిని తడిమి పంపడం ఆపమని రిపోర్టులో రాశాను. యజమాని ఒప్పుకోలేదు, క్యాన్సిల్ బిల్లుల వ్యవహారం చూశాక అసలే ఒప్పుకోలేదు. తనిఖీ చేసేది ఆడవాళ్లకు ఆడమనిషే ఉండాలి, మేనేజర్ నుంచి హెల్పర్ దాకా అందరికీ ఒకటే ఉండాలి అన్నంతవరకు వచ్చాడు. ఏజెన్సీ ఒప్పందంలో కోత షరతు ఇంకా ఉంది. దాన్ని తీసేస్తే ఒక్కో గార్డుకు నెల రేటు పెంచాలని ఏజెన్సీ అడుగుతోంది. రెన్యూవల్ మార్చిలో.